పడవ కంటే ముందు పోటు చూడు

విశాఖపట్నం

చిట్టితల్లికి,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. నువ్వు చెయ్యబోయే యుద్ధదృశ్యం నమూనా: 1944 జూన్ 6, ఫ్రాన్స్‌లోని ఓమహా తీరం, రాంప్ (ముందున్న దిగుడు తలుపు) దించిన హిగ్గిన్స్ పడవ, అంటే సైనికులను ఒడ్డుకు దించే పడవ, 1/35 స్కేలు (అసలులో 35వ వంతు), 45×30 సెంటీమీటర్ల పలక. ఎంపిక బాగుంది. జిగురు సీసా తెరవకముందు ఒక్క సంగతి తేల్చుకో: నీ దృశ్యం ఆ రోజు ఎన్నింటిది? మిగతావన్నీ ఆ గడియారాన్ని బట్టే నడుస్తాయి.

అమెరికన్ సైనికుల మొదటి వరుస ఉదయం ఆరున్నరకు దిగింది. అప్పుడు ఆటు. ఆ తీరంలో ఆటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా సుమారు ఆరు మీటర్లు. మన ఆర్కే బీచ్‌లో ఒకటిన్నర మీటరు అటూ ఇటూ చూసినవాళ్లకు అది ఊహకు అందదు. ఆటు వేళ మూడు వందల గజాల మేర ఇసుక బయటపడుతుంది. శత్రువులు పోటు మీద వస్తారనుకుని జర్మన్ సేనాని రోమెల్ పెట్టించిన అడ్డంకులన్నీ ఆ ఇసుకలోనే ఉన్నాయి: సముద్రం వైపు ఇనుప గేట్లు, వాటి వెనక కొసన టెల్లర్ మైన్లు (పళ్లెంలాంటి మందుపాతరలు) కట్టిన దుంగలు, ఒడ్డుకు దగ్గరగా హెడ్జ్‌హాగ్‌లు, అంటే అడ్డదిడ్డంగా బిగించిన ఇనుప దూలాలు. ఆరున్నర అనుకుంటే అవి పడవకు ముందు, తడి ఇసుక మీద నిలబడాలి. ఎనిమిదిన్నర అనుకుంటే నీళ్లలో మునుగుతూ ఉండాలి, పడవ వాటి సందుల్లోంచి రావాలి. చాలామంది రెండింటినీ కలిపేస్తారు. దుంగ కొస సముద్రం వైపు వాలి ఉండాలని కూడా మరిచిపోకు. ఈ స్కేలులో మైన్ వెడల్పు 9 మి.మీ.

నేనైతే ఆరున్నరే ఎంచుకుంటాను. అడ్డంకులు పూర్తిగా కనిపిస్తాయి, నీళ్ల పని కూడా తగ్గుతుంది.

ఇక పడవ. అసలు పొడవు 36 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 10 అడుగుల 10 అంగుళాలు. 1/35లో 316 మి.మీ., 94 మి.మీ. నీ పలక మీద పొడవు వెంట తిన్నగా పెడితే ముందు మిగిలేది 13 సెంటీమీటర్లే, అందులోనూ రాంప్ కొంత తినేస్తుంది. అందుకని మూల నుంచి మూలకు పెట్టు, అక్కడ 54 సెంటీమీటర్లు దొరుకుతాయి. పడవ మునిగే లోతు వెనక 3 అడుగులు, ముందు 2 అడుగుల 2 అంగుళాలు. అంటే నీటిగీత వెనక 26 మి.మీ. ఎత్తున మొదలై ముందుకు 19 మి.మీ.కి దిగాలి. అడుగుభాగం కోయకు, కోస్తే పక్కలు వంగిపోతాయి. పలక మీద అతికించే ఫోమ్‌లో ఆ లోతుకే గుంట తవ్వి పడవను అందులో కూర్చోబెట్టు.

కిట్‌లో పక్కలు అతికించకముందే లోపల రంగు పూర్తిచెయ్యి, తర్వాత బ్రష్ దూరదు. తుప్పు విషయంలో చెయ్యి బిగబట్టు. ఆ పడవ పక్కలు ప్లైవుడ్, రాంప్ ఉక్కు. కాబట్టి తుప్పు చారలు రాంప్‌కీ, ఇనుప కొక్కేలకీ, బోల్టులకీ పరిమితం. పక్కల మీద రంగు రాలిన చోట కనిపించాల్సింది చెక్క. న్యూ ఆర్లీన్స్‌లోని రెండో ప్రపంచయుద్ధ మ్యూజియం హ్యూస్టన్ నుంచి కారులో ఐదారు గంటలే కదా. ఆండ్రూ హిగ్గిన్స్ ఈ పడవలు కట్టించిన ఊరు అదే. వెళ్తే పడవ మొత్తాన్ని కాదు, రాంప్ తాళ్లు, కప్పీలు, నేల పలకలు దగ్గరగా ఫోటో తియ్యి.

మనుషుల దగ్గరే అసలు తిప్పలు. ఓమహాలో ఒక్కో పడవ జట్టు సుమారు 31 మంది, ఎవరి చోటు వాళ్లది. ముందు అధికారి, ఐదుగురు రైఫిల్ వాళ్లు. వెనక ముళ్లతీగ కత్తిరించే నలుగురు. తర్వాత ఇద్దరిద్దరు చొప్పున రెండు బి.ఎ.ఆర్. (ఆటోమేటిక్ రైఫిల్) జట్లు, రెండు బజూకా (భుజం మీంచి పేల్చే రాకెట్ గొట్టం) జట్లు. 60 మి.మీ. మోర్టార్‌తో నలుగురు, ఫ్లేమ్‌త్రోయర్‌తో (మంటలు చిమ్మే ఆయుధం) ఇద్దరు, టి.ఎన్.టి. పేలుడు మందుతో ఐదుగురు. చివర మెడికల్ మనిషి, ఉపనాయకుడు. పడవ నడిపేవాళ్లు వీళ్లకు అదనం. బొమ్మల పెట్టెల్లో ఎక్కువగా వచ్చేది రైఫిల్ వాళ్లే. ముందు మోర్టార్, ఫ్లేమ్‌త్రోయర్ బొమ్మలు సంపాదించు, రైఫిల్ వాళ్లు ఎప్పుడైనా దొరుకుతారు. రాంప్ దిగినవాళ్లకు నడుము కింద బట్ట రంగు ఒక మెట్టు ముదురుగా వేసి, దానిమీద సెమీ గ్లాస్ వార్నిష్ పుయ్యి. తడి అంచు గీత గీసినట్టు ఉండకూడదు, ముడతల వెంట పైకి పాకాలి.

ఇసుక బీచ్‌ది తెచ్చి నేరుగా చల్లకు. 0.3 మి.మీ. రేణువు ఈ స్కేలులో సెంటీమీటరు గులకరాయి అవుతుంది. పైగా ఉప్పు కడగకపోతే కొన్నాళ్లకు తెల్లగా పైకి ఉబుకుతుంది. మంచినీళ్లలో మూడు నాలుగుసార్లు కడిగి, ఎండబెట్టి, పల్చని గుడ్డలో జల్లెడ పట్టు. కిందకు రాలిన పొడే వాడు.

నీళ్ల కోసం పోసే రెసిన్, అంటే రెండు ద్రవాలు కలిపితే గాజులా గట్టిపడేది, ఒకేసారి లోతుగా పోస్తే వేడెక్కి పగులుతుంది, ఫోమ్‌నూ కరిగిస్తుంది. లోతంతా రెసిన్‌తో నింపాల్సిన పని లేదు. ఆ రోజు అలలకు ఇసుక లేచి నీళ్లు కలకబారాయి కాబట్టి అడుగు కనిపించదు. ఫోమ్ మీద అక్రిలిక్‌తో బూడిద కలిసిన ఆకుపచ్చ వేసి, పైన 3 మి.మీ. పొరలు రెండు చాలు. పలకంతా నీళ్లే అనుకున్నా 45×30×0.3 అంటే పొరకు 405 మిల్లీలీటర్లు. ఇసుక, పడవ ఆక్రమించేది తీసేస్తే ఇంకా తక్కువే పడుతుంది. రెండు భాగాలూ సీసా మీద రాసిన నిష్పత్తిలోనే కలుపు. ఆ నిష్పత్తి బరువుకా, పరిమాణానికా అన్నది చదువు. అక్కడ తప్పితే ఎన్నాళ్లైనా జిగటగానే ఉండిపోతుంది. ముందు పడవ చుట్టూ పల్చగా ఒక పూత వేసి గట్టిపడనివ్వు, సందు ఉంటే అప్పుడే తెలుస్తుంది. లేదంటే పోసిన రెసిన్ తెల్లారేసరికి పడవ లోపల ఉంటుంది. ప్లైవుడ్ పలకకు రెండు వైపులా వార్నిష్ వెయ్యి, ఒకవైపే వేస్తే వంగుతుంది. హ్యూస్టన్ ఉక్కపోతలో రెసిన్ పైన మైనంలాంటి పొర కడుతుంది కనుక ఏసీ గదిలో పోసి, పొరకూ పొరకూ మధ్య ఒక రోజు ఆగు. అలలు ఆఖరున, గట్టి అక్రిలిక్ జెల్‌తో. మీటరు ఎత్తు అల అంటే 29 మి.మీ.

పాత సామాన్ల అంగట్లో కొన్న ఆ సీసపు సైనికులను ఈ పడవలో ఎక్కించకు. అవి 54 మి.మీ. బొమ్మలు, అంటే దాదాపు 1/32. 1/35 పడవలో ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి ఆరడుగుల మూడంగుళాలవుతాడు. అవి విలియం బ్రిటన్ సంస్థ 1893లో మొదలుపెట్టిన బోలు పోత రకం అయితే పాత రంగు చెక్కు చెదరకుండా ఉంచడమే వాటి విలువ, మళ్లీ రంగు వెయ్యకు. కొత్త ఎమ్‌డీఎఫ్ అల్మారాలో గానీ ఓక్ పెట్టెలో గానీ మూసిపెట్టకు. ఆ చెక్కల్లోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలిపోతుంది. గాజు, లోహం ఉన్న అల్మారా మేలు, కొంచెం గాలి ఆడాలి. ఎడమ చివరి గుర్రం కాలి దగ్గర తెల్లగా ఏదో కనిపిస్తోంది. దాన్ని వేరే పెట్టెలో పెట్టి, దగ్గరగా ఫోటో తీసి పంపు. ఊదకు, గోకకు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కో.

ప్రేమతో,
నాన్న