గుడిమల్లానికి ఒక పూట ఉంచుకోండి

తిరుపతి

చిరంజీవి సింధుకు, నాయన ఆశీస్సులు.

గుడిమల్లం శివలింగం గురించి నువ్వు పంపిన వీడియో చూశాను. ‘ప్రపంచంలోనే మొట్టమొదటి శివలింగం, శాస్త్రవేత్తలకే అంతుపట్టని రహస్యం’ అని ఒకటే అరుపులు. ఇదంతా నిజమా నాయనా అని అడిగావు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో నీకు మీటింగ్ వచ్చేస్తుంది, అందుకే రాస్తున్నా. ఎలాగూ ఫ్రెండ్స్‌తో కొండకు వస్తున్నారు కాబట్టి, దర్శనం అయ్యాక ఒక పూట గుడిమల్లానికి ఉంచుకోండి.

ముందు వయసు సంగతి. రాయి మీద ఎవరూ తేదీ చెక్కలేదు. శిల్పం తీరును, తవ్వకాల్లో దొరికిన వస్తువులను బట్టి ఎక్కువమంది క్రీస్తుపూర్వం 2వ లేదా 1వ శతాబ్దం అంటారు. ఇంకా వెనక్కి తీసుకెళ్ళేవాళ్ళున్నారు, క్రీస్తు శకంలోకి దించేవాళ్ళూ ఉన్నారు. ఇప్పటిదాకా దొరికిన శివలింగాల్లో చాలా పాతవాటిలో ఇది ఒకటి అని ధైర్యంగా చెప్పొచ్చు. నాకది చాలు. ‘మొట్టమొదటిది’ అని పందెం కాయాల్సిన పని మనకెందుకు?

గర్భగుడి నేల ముందు మండపం కన్నా కిందకి ఉంటుంది. లోపల ఐదడుగుల ఎత్తున, ముదురు గోధుమ రంగు గట్టి రాయి. మనం మామూలుగా చూసే నున్నటి లింగం కాదు. దాని ముందువైపు ఒక మనిషి నిలబడి ఉన్నట్టు శివుణ్ణి చెక్కారు. నాలుగు చేతులు లేవు, రెండే. కుడిచేత్తో ఒక పొట్టేలును వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశాడు. పొట్టేలు కాదు జింక అనేవాళ్ళూ ఉన్నారు. ఎడమచేతిలో చిన్న చెంబు, ఆ భుజం మీద గొడ్డలి. చెవులకు బరువైన కుండలాలు, మెడలో వెడల్పాటి హారం, నడుముకు పల్చటి పంచె. జుట్టు జడలల్లి తలపాగాలా చుట్టినట్టు ఉంటుంది. జంధ్యం మాత్రం లేదు, అది తప్పకుండా గమనించు. కాళ్ళ కింద ఒక మరుగుజ్జు యక్షుడు కూర్చుని భుజాల మీద ఆయన్ని మోస్తున్నాడు. ఆ యక్షుడి ముఖంలో బాధ నాకైతే ఎప్పుడూ కనపడలేదు.

గుడిమల్లం ఉన్న ఏర్పేడు మండలం వైపు నాకు డ్యూటీ ఉన్న రోజుల్లో లైన్ పని ముగిశాక చాలాసార్లు ఆ గుడికి వెళ్ళి కూర్చునేవాణ్ణి. అప్పట్లో జనం ఉండేవాళ్ళు కాదు. చూసేకొద్దీ నాకు ఒకటి తట్టింది. అక్కడి స్థలపురాణం నీకు గుర్తుందో లేదో. తల్లిని చంపిన పాపం పోగొట్టుకోడానికి పరశురాముడు ఇక్కడ తపస్సు చేశాడు. కొలనులో రోజుకొక్క పువ్వు పూసేది, దానితోనే పూజ. దానికి కాపలాగా చిత్రసేనుడనే యక్షుణ్ణి పెట్టాడు. వాడికి కూలి కింద రోజూ వేటాడిన జంతువు, కుండెడు కల్లు ఇవ్వాలని ఒప్పందం. ఒకరోజు పరశురాముడు వేటకు పోయినప్పుడు యక్షుడే ఆ పువ్వుతో పూజ చేసేశాడు. ఇద్దరికీ యుద్ధం ముదిరి ఎవరూ నెగ్గకపోతే, శివుడు ప్రత్యక్షమై ఇద్దర్నీ తనలో కలుపుకున్నాడు. ఇప్పుడు రాయి వైపు చూడు. గొడ్డలి ఉంది కాబట్టి పరశురాముడు, చేతిలో జంతువు ఉంది కాబట్టి వేట, చెంబు ఉంది కాబట్టి కల్లు, కింద యక్షుడున్నాడు కాబట్టి చిత్రసేనుడు. ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో జనం మరిచిపోయాక, ఎవరో తెలివైనవాడు రాయి మీదున్న వస్తువులన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని కథ అల్లాడని నాకనిపిస్తుంది. పూజారి ముందు ఈ మాట అనకు, నన్ను తిడతాడు.

నాకు మాత్రం ఆయన్ని చూస్తే వేటగాడే కనిపిస్తాడు. గుడి పక్కనున్న స్వర్ణముఖి ఇంకొంచెం దిగువకు పోతే కాళహస్తి. అక్కడ తిన్నడు దేవుడికి వేటమాంసం పెట్టాడు, కన్ను పీకి ఇచ్చాడు. మీ అవ్వ నీకు ఆ కథ చెప్తుంటే మధ్యలో ఏడ్చేదానివి. ఒకే ఏటి ఒడ్డున ఒకచోట దేవుడు వేటగాడిలా నిలబడ్డాడు, ఇంకోచోట వేటగాడు భక్తుడయ్యాడు. ఈ రెంటికీ సంబంధం ఉందని రుజువు అడిగితే నా దగ్గర లేదు. మీ ఫ్రెండ్స్‌ని కాళహస్తికి కూడా తీసుకెళ్తావు కదా, రెండూ ఒకేరోజు చూస్తే నీకేమనిపిస్తుందో చెప్పు.

ఇంకో విషయం, వీడియోలో గుడి మొత్తం రెండువేల ఏళ్ళదే అన్నట్టు చూపించారు. అది తప్పు. రాయి వేరు, గుడి వేరు. 1973 ప్రాంతంలో పురావస్తు శాఖవాళ్ళు గర్భగుడిలో తవ్వినప్పుడు లింగం చుట్టూ చతురస్రంగా రాతి కంచె బయటపడింది, బౌద్ధ స్తూపాల చుట్టూ ఉండేలాంటిది. అంటే మొదట్లో ఆయన ఆరుబయటే ఉండేవాడన్నమాట. ఆ తర్వాత ఇటుకల కట్టడం వచ్చింది. పల్లవులు, బాణులు, చోళులు ఒకరి తర్వాత ఒకరు దానాలిచ్చారు. భూములు, డబ్బు, ఆవులు ఇచ్చినట్టు శాసనాల్లో ఉంది. ఇప్పుడు కనిపించే రాతిగుడి విక్రమచోళుడి కాలంలో, 1126లో తిరిగి కట్టింది. వెనకనుంచి చూస్తే విమానం గుండ్రంగా, ఏనుగు వీపులా వంగి ఉంటుంది, గజపృష్ఠం అంటారు. పల్నాడులో చేజెర్ల కపోతేశ్వరాలయం కూడా ఈ ఆకారమే. శాసనాలు చాలావరకు అరవంలో ఉన్నాయి. దాని గురించి మీ హైదరాబాదోళ్ళు ఆశ్చర్యపోతే, చిత్తూరు జిల్లాలో ఇదేం కొత్త కాదని చెప్పు. (ఏర్పేడు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చిందిలే, నా నోటికి ఇంకా అలవాటు కాలేదు.)

ఊళ్ళోవాళ్ళకు ఆయన ఎప్పుడూ ఊరి దేవుడే. బయటి ప్రపంచానికి మాత్రం టి.ఎ. గోపీనాథరావు అనే పురావస్తు పండితుడు 1911లో వచ్చి, అలంకారాలన్నీ తీయించి పరిశీలించి, వివరంగా రాశాకనే తెలిసింది. ఇన్ని శతాబ్దాలు చందనం, నూనె, విభూతి పూస్తూనే ఉన్నా చెక్కడం అరిగిపోలేదంటే ఆ రాయి ఎంత గట్టిదో చూడు.

అరవై ఏళ్ళకోసారి భూమిలోంచి నీళ్ళు పైకొచ్చి స్వామిని ముంచుతాయని వీడియోలో చెప్పింది ఊళ్ళో అందరూ అనుకునేదే. లోతుగా ఉన్న గర్భగుడి, పక్కనే ఏరు, పెద్ద వాన పడితే నీళ్ళు ఊరడం వింతేమీ కాదు. అరవై లెక్క మాత్రం నేను పట్టించుకోను.

దారి చెప్తా. రేణిగుంట మీదుగా పాపానాయుడుపేట వచ్చి అక్కణ్ణుంచి లోపలికి తిరగాలి. బస్సులు తక్కువ, కారు మాట్లాడుకోండి. పాపానాయుడుపేటలో తొందరపడి ముందుకు పోవద్దు. కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కత్తిరించి పూసలు చేసే పాత పద్ధతి ఆ ఊళ్ళో మా కాలందాకా నడిచింది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులాంటి పాత రేవుల్లో దొరికే పూసలూ ఇలా లాగి చేసినవేనట. ఇప్పుడు ఎంతమంది చేస్తున్నారో ఊళ్ళో అడిగి చూడండి, దొరికితే మీ అమ్మకు ఒక దండ తీసుకో.

గుడికి పొద్దున్నే వెళ్ళండి. పూలు, బట్టలు కప్పేశాక పొట్టేలు, యక్షుడు సరిగ్గా కనపడవు. అభిషేకం వేళకు ఉంటే మొత్తం చూడొచ్చు. హారతి వెలుగులో మొదట చేతులు చూడు, ఆ తర్వాతే ముఖం.

ఎంతమంది వస్తున్నారో, ఏ రైలుకో ముందే చెప్పు. అమ్మ రాగిసంగటి చేస్తానంటోంది, మీ వాళ్ళు తింటారో లేదో అడుగు.

మీ నాయన