పూచీకత్తు కాదు, బీమా కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫ్లాటు కొన్నవాడికి విడిగా దక్కేది నాలుగు గోడల మధ్య జాగా. పునాది, పైకప్పు, లిఫ్టు అందరివీ. ఈ ఉమ్మడి యాజమాన్యానికి ఆస్ట్రేలియాలోని మా న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 1961లోనే స్ట్రాటా చట్టం చేసింది. కట్టేవాడిని అదుపు చేయడం మాత్రం మరిచింది. 2018 క్రిస్మస్‌కు ముందురోజు సిడ్నీలో ఓపల్ టవర్ అనే ఫ్లాట్ల భవనం బీటలువారి, జనాన్ని ఖాళీ చేయించాక గానీ గట్టి కదలిక రాలేదు.

ఆ తర్వాత వచ్చిన 2020 చట్టాలు మంచివే, కాదనను. లోపాలుంటే ఆక్యుపేషన్ సర్టిఫికెట్ (భవనంలో కాపురం ఉండడానికి ఇచ్చే అనుమతి) ఆపవచ్చు. కట్టినవారి మీద పదేళ్ల దాకా దావా వేయవచ్చు. వేయాల్సింది ఎవరు? మేమే! మా భవనంలో పై బాత్‌రూముల నీరు కింది ఇళ్లలోకి దిగుతోంది. లాయరు ఫీజు ఎవరెంత కట్టాలో తేలడానికే ఓనర్స్ కార్పొరేషన్ (ఫ్లాట్ల యజమానుల సంఘం) మీటింగుల్లో ఏడాది తగువులాడుకున్నాం. ఈలోగా బిల్డరు ఆ కంపెనీని మూసేసి, ఇంకో పేరుతో బోర్డు కట్టుకున్నాడు.

నాలుగంతస్తులు, ఆపైన కట్టే భవనాలకు లోపాలు బయటపడితే బాగుచేయించడానికి డెవలపరు పూచీకత్తు సొమ్ము జమచేయాలన్న నిబంధన 2018లో మొదలైంది. అప్పట్లో అది కాంట్రాక్టు విలువలో 2 శాతం. భవనం పూర్తయ్యాక చివరి తనిఖీ రెండేళ్లలోపే. వాటర్‌ప్రూఫింగ్ బండారం చాలాసార్లు ఆ తర్వాతే బయటపడుతుంది.

ఫ్రాన్స్ 1978 చట్టంతోనే కట్టడం లోపాలకు పదేళ్ల బీమాను తప్పనిసరి చేసింది. ఇక్కడా బీమా లేనిదే ఒక్క ఫ్లాటూ అమ్మనివ్వకూడదు.

ఇట్లు,
ఒక ఫ్లాటు యజమాని, సిడ్నీ