ఆ ఆపరేటరన్నకు కృతజ్ఞతలు

మొన్న ఆదివారం తిరుపతి నడిబొడ్డున ఉన్న పాత సింగిల్ స్క్రీన్ థియేటర్లో, ఫస్ట్ షో మధ్యలో మా నాయనకు షుగర్ పడిపోయింది. ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

నా కేక విని పై క్యాబిన్ నుంచి ఆపరేటరన్న పరుగున దిగొచ్చారు. లైట్లు వేయించి, క్యాంటీన్లో గ్లాసు నిండా చక్కెర నీళ్లు కలిపించి తెచ్చారు. గ్లాసు నాయన చేతికివ్వలేదు. మెడ కింద చెయ్యి పెట్టి, గుక్క గుక్కకీ ఆగుతూ తానే తాగించారు. "మెల్లగా పెద్దాయనా, తొందరేం లేదు. సినిమా ఆపే ఉంచినాను" అన్నారు. హాల్లో ఒక్కరూ విసుక్కోలేదు, వాళ్లకూ నా దండాలు.

తేరుకున్నాక బన్ను తినిపించి, క్యాబిన్లో తన కుర్చీలోనే కూర్చోబెట్టారు. ఇప్పుడంతా డిజిటలే అయినా, మూలనున్న పాత 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ మీది గుడ్డ తీసి చూపించారు. సెకనుకు 24 బొమ్మలు ఎలా కదిలేవో, తెర మీద బొమ్మ పడే వెలుతురు కోసం కార్బన్ కడ్డీలు ఎలా వెలిగించేవారో ఓపిగ్గా చెప్పారు. టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్టు మీద సినిమాలు చూసిన మనిషి మా నాయన. ఆ కడ్డీల మాట వినగానే ముఖం విప్పారింది.

ఆటో ఎక్కేటప్పుడు డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేశారు. అన్నా, మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం. నాయన మళ్లీ అక్కడికే సినిమాకు పోదామంటున్నారు, వచ్చి కలుస్తాం.