టేపు పట్టని క్షేత్రమితి

సంపాదకుల వారికి,

మా కోనసీమలో నాలుగు మూలలూ సమంగా ఉన్న చేను అరుదు. కాలువ గట్టు ఒంపు తిరిగిన చోటల్లా చేనూ తిరుగుతుంది. ఒక పక్క బోదె, మరొక పక్క పుంత కోసుకుపోగా మిగిలిన ముక్క ఏ పటానికీ ఒదగదు. అటువంటి స్థలం బేరానికి వచ్చినప్పుడు మధ్యవర్తి నాలుగు వైపులా టేపు లాగి, ఎదురెదురు భుజాల సగటులను గుణించి, ఇన్ని సెంట్లని తేల్చేస్తాడు. ఈ లెక్క సరైన దీర్ఘచతురస్రానికి తప్ప మరి దేనికీ సరిపడదు. తప్పినప్పుడల్లా వైశాల్యాన్ని ఎక్కువగానే చూపుతుంది కనుక నష్టం కొనేవాడిదే.

నాలుగు వైపులా 66 అడుగులున్న స్థలాన్ని, సెంటుకు 435.6 చదరపు అడుగుల చొప్పున, 10 సెంట్లంటారు. మూలలు వాలి, ఎదురెదురు భుజాల నడుమ లంబదూరం 60 అడుగులే ఉంటే అక్కడున్నది 9 సెంట్ల పైచిలుకు మాత్రమే. ఒక్క కర్ణం కొలిస్తే గుట్టు తెలిసిపోతుంది: నిజమైన చదరానికి అది 93 అడుగుల 4 అంగుళాలు రావాలి.

కర్ణం, దాని మీదికి రెండు మూలల నుంచి లంబాలు, వాటితో చతుర్భుజ వైశాల్యం హైస్కూలు లెక్కల్లో ఉన్నవే. అయినా ఆ పాఠంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు తన ఇంటి దొడ్డి ఎన్ని సెంట్లో చెప్పలేడు. పుస్తకంలో పటం ముందే గీసి, లంబం చూపించి, కొలతలు సెంటీమీటర్లలో రాసి ఇస్తారు; టేపు ఎక్కడ పెట్టాలో, ఏది కొలవాలో నిర్ణయించుకునే పని అతనికి మిగలదు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. పునాదికి ముగ్గు పోసే తాపీ మేస్త్రి 3, 4, 5 అడుగుల కొలతలతో మూల సరిచూస్తాడు. ఆయనను ఒక పూట బడికి పిలిపించడానికి జీవో అక్కరలేదనుకుంటాను.

రీసర్వేకు డ్రోన్లు వచ్చాక ఇదంతా ఎందుకని కొందరు అడగవచ్చు. డ్రోను తీసిన పటంలో మన హద్దు సరిగా పడిందో లేదో చూసుకోవలసినది మనమే కదా.

చార్టు కొని అతికించే ప్రాజెక్టుకు బదులు, 8, 9 తరగతుల పిల్లలు తమ బడి ఆవరణను కొలిచి, స్కేలుకు పటం గీసి, వైశాల్యాన్ని చదరపు మీటర్లలోనూ సెంట్లలోనూ లెక్కగట్టేలా విద్యాశాఖ ఆదేశించాలని కోరుతున్నాను. దీనికి కావలసినది 30 మీటర్ల టేపు, నాలుగు గుంజలు, కొంత పురికొస. వానాకాలంలో మా బడుల ఆవరణల్లో నీరు నిలుస్తుంది కనుక, ఈ పనిని సంక్రాంతి సెలవుల తరువాత పెట్టుకోవడం మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, అమలాపురం