గీత చదునైతే షాక్ ఇవ్వరండీ

సంపాదకుల వారికి,

మా మనవరాలు అమెరికా సిరీస్ ‘ది పిట్’ పెట్టింది. పిట్స్‌బర్గ్ ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఒకే ఒక్క డ్యూటీ కథ. 2025లో వచ్చిన మొదటి సీజన్‌లో 15 భాగాలు, ఒక్కో భాగం ఆ డ్యూటీలో ఒక్కో గంట. కేజువాల్టీలో 26 ఏళ్లు చేసినదాన్ని, టీ చల్లారిపోయినా కదల్లేదు. పైన మంచాలు ఖాళీ లేక రోగులు కిందే పడుండటం, డాక్టరుకి బాత్‌రూముకెళ్లే తీరికైనా లేకపోవడం... అచ్చం మా రాత్రులే!

మన సీరియళ్లలోనేమో మానిటర్‌లో గుండె కొట్టుకోవడం చూపే గీత చదునవగానే ఛాతీకి కరెంటు షాక్ ఇస్తారు. అప్పుడది పనిచేయదండీ. ఛాతీ నొక్కాలి, అడ్రినలిన్ ఇవ్వాలి. సీరియళ్లలో ఆ నొక్కడమూ దిండు సర్దినట్టే! పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రచయితలు ఒక్క రాత్రి ఏదైనా కేజువాల్టీ బెంచీ మీద కూర్చుంటే బాగుండు. దోమలకు సిద్ధపడి రావాలి మరి.

– ఒక విశ్రాంత హెడ్ నర్సు, తెనాలి