అటక మీది రెండు కుంచాలు

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి బుజ్జమ్మకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో చెప్పిన ఆట గురించే తెల్లవార్లూ ఆలోచించాను. ఫోనులో అన్నీ కుదురుగా చెప్పలేను. అందుకే కాగితం ముందేసుకున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లల్ని మైదానంలో ఒక గీత మీద వరసగా నిలబెడతానన్నావు. "ఇంట్లో కుళాయి ఉన్నవాళ్ళు ఒక అడుగు ముందుకు, అమ్మానాన్నా చదువుకోనివాళ్ళు ఒక అడుగు వెనక్కు" అంటూ పోతే, చివరికి ఎవరెక్కడ నిలబడ్డారో చూసి అసమానత అంటే ఏమిటో వాళ్ళే తెలుసుకుంటారని ట్రైనింగులో చెప్పారన్నావు. వద్దమ్మా, ఆ ఆట ఆడించకు. వెనక్కి వెళ్ళబోయే పిల్ల ఎవరో ఆట మొదలవకముందే క్లాసంతటికీ తెలుసు. అందరికన్నా ఆ పిల్లకే బాగా తెలుసు. ముందున్నవాడు పాఠం నేర్చుకోవడానికి వెనకున్న పిల్ల పదిమందిలో తలొంచుకు నిలబడాలా?

నేను ఇలాంటి తప్పే చేశాను. ఎవరితోనూ అనలేదు, మీ నాన్నతో కూడా. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. అంటరానితనం పాఠం చెబుతూ, పిల్లలకు దగ్గరగా ఉంటుందని, రెండో బెంచీలో కూర్చున్న ఒక కుర్రాణ్ణి లేపాను. "ఇదిగో, ఒకప్పుడైతే వీణ్ణి మీ పక్కన కూర్చోనిచ్చేవారు కాదు, బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు" అన్నాను. మంచి మాటే చెబుతున్నాననుకున్నాను. వాడు నిలబడి బెంచీ అంచున పేలిన చెక్కను గోటితో గీకుతూ ఉన్నాడు. నేను కూర్చోమన్నాక కూడా కాసేపు అలాగే నిలబడ్డాడు. మర్నాటి నుంచి తలుపు దగ్గర, విడిగా కూర్చున్నాడు. దసరా సెలవుల తర్వాత రాలేదు. కొన్నాళ్ళకి స్టేషనులో కనిపించాడు, సంచి భుజానికి తగిలించుకుని, సూరత్ పనికి పోయే గుంపులో. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. అప్పటివరకూ వాడు మిగతావాళ్ళలాంటి పిల్లాడే. పదిమందిలో వాణ్ణి వేరు చేసి చూపింది నేనే.

మరి ఈ పాఠం ఎలా చెప్పాలని అడిగావు కదా. నాకు అర్థమైనదొకటే. ప్రతి పిల్లా ఒకచోట తక్కువగా, ఇంకోచోట ఎక్కువగా నిలబడి ఉంటుంది. ఆ రెండు చోట్లూ తనంతట తనే కనిపెట్టుకోవాలి. మనం వేలు పెట్టి చూపించకూడదు.

నా సంగతే చూడు. ఒరియా బడిలో నేను "తెలెంగా పిల్ల"ని. నోరు తెరిస్తే నవ్వేవారు. ఆరో తరగతిలో సగం ఏడాది నేను మాట్లాడనేలేదు. అదే నేను సంతరోజున మీ తాత దుకాణంలో పెద్దమనిషిని. తెల్లారగట్ల కొండ దిగి సవర ఆదివాసీ ఆడవాళ్ళు చోళ్ళు, కందులు, చింతపండు మోసుకొచ్చేవారు. మీ తాత దగ్గర గింజలు కొలిచే రేకు కుంచాలు రెండుండేవి. పైకి చూస్తే రెండూ ఒకటే. ఒకదానికి అడుగున లక్క పోసి ఎత్తు చేయించాడు. కొనడానికి మొదటిది, అమ్మడానికి లక్క పోసినది. చోళ్ళు కొనేటప్పుడు గోపురంలా రాశి పోసి కొలిచేవాడు, నూకలు అమ్మేటప్పుడు కర్రతో తలగొట్టేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా, వ్యాపారస్తులందరిలాగే "లాభం" అని లెక్క మొదలెట్టేవాడు. ఆ గింజల్లో మన ఇంటి పెళ్ళిళ్ళున్నాయి, నా చదువుంది, ఒక రకంగా నీ చదువూ ఉంది. మీ తాత నాకు ప్రాణం. అయినా ఈ సంగతి నీకు దాచి ఏ పాఠమూ చెప్పలేను.

ఒక రోజు ఒక ముసలావిడ కుంచంలో చెయ్యి పెట్టి అడుగు తడిమింది. మాతో ఏమీ అనలేదు. చెయ్యి తీసేసి, ఉప్పు మూట కట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ సవరలో ఏదో గొణిగింది, మాకెవరికీ ఆ భాష రాదు. రావాలని మాకు అనిపించనూ లేదు.

ఇదే ఊళ్ళో అలా అనిపించిన మనిషి ఒకాయన ఉండేవాడు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడ రాజావారి బడిలో పంతులుగా చేరారు. సవరలు మాట్లాడేది విని, రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, 1931లో సవర వ్యాకరణం తెచ్చారు. ఆగస్టు 29న మనం ఆయన పేరిట తెలుగు పండుగ చేసుకుంటాం గానీ, ఆయన మన పిల్లల్ని ఎంత పట్టించుకున్నాడో కొండ మీది పిల్లల్నీ అంత పట్టించుకున్నాడని ఎందరు చెబుతున్నారు? నువ్వు చెప్పు. దాంతోపాటు 1936లో మంగెయి గొమాంగో సవరకు సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్, కట్టారని కూడా చెప్పు. ఆ ఏడు ఏప్రిల్ 1నే ఒరిస్సా వేరు రాష్ట్రమై మన ఊరు అందులోకి వచ్చింది. పిల్లలు ఆ రెండూ పక్కపక్కన రాసుకుంటే బాగుంటుంది. ఏ పిల్లయినా తన భాషలో జవాబు చెబితే నవ్వనివ్వకు. ముందు నువ్వు నాలుగు సవర మాటలు నేర్చుకో.

మొదటి రోజు పేర్లు లేకుండా చీటీలు రాయించు. "నేను తక్కువైన చోటు, నేను ఎక్కువైన చోటు" అని రెండే వాక్యాలు. చదివి వినిపించకు, నీ దగ్గరే ఉంచుకో. షాపుల వాళ్ళ అమ్మాయి ఇంట్లో తమ్ముడు తిన్నాక మిగిలినది తింటూ ఉండొచ్చు. అది ఆ చీటీలోనే బయటపడుతుంది.

రెండో రోజు ఊరి మ్యాపు గీయించు. బావి, చెరువు, రేవు, రోడ్డు, గుడి, బడి, సంత, ఒక్కో వీధి. ఏ వీధికి నీళ్ళు ఎంత దూరమో అడుగుల్లో కొలిపించు. ఎవరి ఇల్లని అడగొద్దు, వీధి చాలు. తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో రెండో భాగం పైకి చదివించు. దుకాణాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరు పేరునా రాసి ఉంటుంది. అంత పెద్ద పుస్తకంలో "బావి" అనే మాట ఎందుకు రాయాల్సి వచ్చిందని అడిగి ఊరుకో. కాసేపు మాట్లాడకుండా ఉండు, వాళ్ళే మ్యాపు కేసి చూస్తారు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ వేల మందితో నడిచి వెళ్ళి చెరువు నీళ్ళు దోసిట్లో పట్టి తాగిన సంగతి అప్పుడు చెప్పు. అంతకుముందు చెబితే అది కథగానే ఉండిపోతుంది.

అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం ఎలాగూ పాఠ్యపుస్తకంలో ఉంది. ఒరిస్సా 1956 రెండో రెగ్యులేషన్ గురించి మాత్రం తప్పక చెప్పు. షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసి భూమి బయటివాడి చేతుల్లోకి పోకుండా చేసిన చట్టం. మీ గుమ్మ బ్లాకు కూడా ఆ ప్రాంతంలోదే. ఇంట్లో పట్టా కాగితం ఉన్న పిల్లలకు దాని విలువ తెలియాలి. మధ్యాహ్న భోజనం దగ్గర నువ్వూ వాళ్ళ వరసలోనే కూర్చుని తిను. వంటమనిషి పనిలో దళితులకు, ఆదివాసులకు ముందుగా అవకాశమివ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆవిడ వడ్డిస్తే తినని పిల్లాడుంటే అందరి ముందూ మందలించకు. వాడికీ ఇంటి దగ్గర ఎవరో నేర్పించి ఉంటారు. విడిగా పిలిచి మాట్లాడు.

ఆ కుంచాలు రెండూ అటక మీదే ఉన్నాయి. నిన్న దింపించి తుడిచాను. మంగళవారం బస్సులో పంపిస్తాను, కండక్టరుతో చెబుతాను, నువ్వొచ్చి తీసుకో. రెండు శేర్ల చోళ్ళు కూడా పెడుతున్నాను. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి పిల్లల చేత కొలిపించు. ఎవరివని అడిగితే మా తాతవని చెప్పు. లక్క పాతబడి అంచుల్లో రాలుతోంది, అందుకని లోపల గుడ్డ కుక్కి పంపిస్తున్నాను, జాగ్రత్తగా తియ్యి.

అమ్మ