నా నడుం కథ

సుజాతా,

రెండు నెలలుగా ఫోన్ ఎత్తట్లేదని తిట్టుకుంటూనే ఉంటావు. ఎత్తితే "బానే ఉన్నానే" అనేసి పెట్టేస్తానని నాకే తెలుసు, అందుకే రాస్తున్నాను. ఆపరేషన్ అయిపోయింది. ఎడమ కిడ్నీ నెత్తిన టోపీలా ఉంటుందే అడ్రినల్ గ్రంథి, అందులో చిన్న నిమ్మకాయంత గడ్డ. గ్రంథితో సహా తీసేశారు. కంగారుపడకు, క్యాన్సర్ కాదు.

పోయినేడు సంక్రాంతికి ముందు నడుం పట్టేసిందని చెప్పాను, గుర్తుందా? పట్టేయడం కాదే అది. తడి దుప్పటి బకెట్లోంచి పైకి లాగాను, అంతే. వీపు కింద పుల్ల విరిగినట్టు ఏదో అయింది. చప్పుడు వినపడిందో, నాకే అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అత్తయ్య ఉప్పు కాపడం పెట్టింది. ఎముకల డాక్టరు "నలభై ఆరేళ్ళు కదమ్మా, కాల్షియం తగ్గుంటుంది" అని బిళ్ళలు రాశాడు. ఎక్స్‌రే తీయించమని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు.

ఈలోగా మొహం పూరీలా ఉబ్బింది. పెళ్ళిళ్ళలో అందరూ "ఒళ్ళు చేశావే" అనేవాళ్ళు. ఒళ్ళంతా పొట్ట దగ్గరే, చేతులూ కాళ్ళూ మాత్రం పుల్లలు. గాజులు వేసుకుంటే చాలు, చెయ్యి కమిలిపోయేది. పీట మీంచి లేవాలంటే తొడలు సహకరించేవి కావు. బీపీకి రెండు బిళ్ళలు, కొత్తగా షుగర్. వేసవిలో కిడ్నీలో రాయి అని సీటీ స్కాన్ తీస్తే, రిపోర్టు చివర ఒక్క ముక్క: ఎడమ అడ్రినల్‌లో గడ్డ. "అలాంటివి చాలామందికి ఉంటాయిలెండి" అన్నారు. అది అబద్ధమూ కాదు. వేరే దేనికోసమో స్కాన్ తీస్తే బయటపడే ఈ గడ్డల్లో చాలావరకు ఏ హానీ చెయ్యవట. కానీ కొన్ని ఊరుకోవు, కార్టిసాల్ అనే హార్మోన్ని, అదే మన ఒంట్లో తయారయ్యే స్టిరాయిడ్‌ని, తయారుచేస్తూనే ఉంటాయి. నాది ఆ రకమని ఎవరూ చూడలేదు.

షుగర్ ఎంతకీ తగ్గకపోతే నవంబరులో హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మొహం ఒకసారి, చేతులు ఒకసారి చూసి అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "కీళ్ళ నొప్పులకి పొడులు, పొట్లాలు ఏమైనా వాడారా?" లేదన్నాను. అప్పుడు రాత్రి పదకొండుకి ఒక మిల్లీగ్రాము డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ బిళ్ళ మింగి, పొద్దున ఎనిమిదికి రక్తం ఇమ్మంది. మామూలు మనిషికైతే బయటి నుంచి స్టిరాయిడ్ వచ్చిందని తెలిసి ఒంట్లో కార్టిసాల్ తయారీ ఆగిపోతుంది, పొద్దుటికి 1.8 లోపుకి దిగుతుంది. నాకు 7.2. ఆపమని ఒళ్ళు చెప్పినా గడ్డకి లెక్కలేదన్నమాట.

ఇక ఎముకల సంగతి. మన ఎముకని ఒంట్లో ఒక ముఠా కూలగొడుతూ ఉంటే, ఇంకో ముఠా కట్టుకుంటూ వస్తుందట. కార్టిసాల్ ఎక్కువైతే కట్టే మేస్త్రీలు చచ్చిపోతారు, కూలగొట్టేవాళ్ళు మాత్రం పని మానరు. పైగా తిన్న కాల్షియం పేగుల్లో సరిగ్గా ఇంకదు, ఇంకిందీ మూత్రంలో పోతుంది. నేను మింగిన బిళ్ళలన్నీ చిల్లు బిందెలో పోసిన నీళ్ళే. ఆ కిడ్నీ రాయి కూడా ఈ గడ్డ పుణ్యమే అయ్యుండొచ్చంది. ముందు దెబ్బతినేది లోపల స్పాంజిలా ఉండే ఎముక, అంటే వెన్నుపూసలు, పక్కటెముకలు.

అసలు విచిత్రం విను. ఎముకల సాంద్రత స్కాన్ తీస్తే మైనస్ 1.9 వచ్చింది. ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అనాలంటే మైనస్ 2.5కి దిగాలి. మా ఆయన "హమ్మయ్య" అన్నాడు. డాక్టరు అనలేదు. ఈ జబ్బులో గీత దాటకుండానే ఎముక విరుగుతుంది, ఆ స్కాన్ ఎముక ఎంతుందో చెబుతుంది గానీ లోపలి అల్లిక ఎంత చెడిందో చెప్పదు అంది. పాత సీటీ సీడీ తెమ్మంది. కంప్యూటర్లో పెట్టి వెన్నెముకని పక్కనుంచి చూపించింది. పూసలన్నీ ఇటుకల్లా ఉన్నాయి, నడుం మొదట్లోది మాత్రం ముందువైపు నలిగి ఏటవాలుగా అయింది. నా దుప్పటి! ఆర్నెల్లుగా ఆ సీడీ మా బీరువాలో, పట్టుచీరల కింద ఉందే. అంతకుముందు ఆ స్కాన్ చూసినవాళ్ళంతా రాయి దగ్గరే ఆగిపోయారు. నాకు ఇప్పటికీ కోపం అదే.

ఇదేం కొత్త సంగతి కూడా కాదు. ఈ జబ్బుని కుషింగ్ సిండ్రోమ్ అంటారట; దానికి పేరిచ్చిన అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1932లోనే రాశాడట: నడుం నొప్పి, వీపు వంగడం, కొలిస్తే తెలిసేంతగా ఎత్తు తగ్గడం. ఆయన రాసింది తలలోని పిట్యూటరీ గ్రంథిలో వచ్చే గడ్డల గురించి, కానీ ఎముకకి గడ్డ ఎక్కడుంటే ఏంటి? ఇంటికొచ్చి, పిల్లల ఎత్తు గీసిన తలుపు దగ్గర నుంచున్నాను. పెద్దాడు తొమ్మిదో తరగతిలో సరదాకి నాదీ గీశాడు. ఇప్పుడు ఆ గీతకి రెండు సెంటీమీటర్లు కింద ఉన్నాను.

ఆపరేషన్ సుఖంగానే అయింది, కష్టం తర్వాతే. ఇన్నాళ్ళూ గడ్డే అంతా చేసి పెట్టింది కాబట్టి కుడివైపు గ్రంథి నిద్రపోయింది. అది లేచేదాకా రోజూ కార్టిసాల్‌కి బదులు హైడ్రోకార్టిసోన్ బిళ్ళ మింగాలి, ఒక్క పూట మానకూడదు, జ్వరం వస్తే డోసు రెండింతలు. ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు. బీపీకి ఒక బిళ్ళ తగ్గింది, మొహం మళ్ళీ నా మొహంలా అవుతోంది. ఎముక నెమ్మదిగా కోలుకుంటుంది, ఏళ్ళు పడుతుందన్నారు. నలిగిన పూస మాత్రం అంతే. ఎముకల కోసం వారానికో బిళ్ళ, ఆదివారం పరగడుపున గ్లాసుడు నీళ్ళతో. తర్వాత అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ తాగకూడదు. జబ్బుకన్నా ఆ అరగంటే కష్టంగా ఉందే!

ఒక్క పని చెయ్యి. మీ అమ్మగారు మోకాళ్ళకి ఎవరో ఇచ్చే పొట్లాలు వాడుతున్నారని, వేసుకోగానే భలే తేలిగ్గా ఉంటుందని అన్నావు చూడు. డాక్టరు ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చారు. అలాంటి కొన్నిట్లో స్టిరాయిడ్ కలుపుతారట, గడ్డ లేకుండానే నా అవస్థే వస్తుంది. అలాగని నువ్వు ఉన్నట్టుండి మాన్పించకు, అది ఇంకా ప్రమాదం. ఒక పొట్లం పట్టుకుని, ఆవిణ్ణి మంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. ఏమన్నారో ఆ రాత్రే ఫోన్ చెయ్యి. ఈసారి ఎత్తుతాను.

నీ
వాణి